హైదరాబాద్ ఔటర్ మీద తిరిగొచ్చాం, ఇప్పుడు మన గోదావరి డెల్టాలో రాత్రి డ్రైవ్‌కి దారి చెప్పండి

లస్కరుగారబ్బాయి | అమలాపురం

అందరికీ నమస్కారమండి. సంక్రాంతి వెళ్ళాక అమ్మానాన్నలతో హైదరాబాద్‌లో మా చెల్లి వాళ్ళింటికి వెళ్ళాం. ఓ రాత్రి పదకొండు దాటాక బావగారు అందర్నీ కారెక్కించారు. మెహదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్‌లో దిగాం. శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని గచ్చిబౌలి, చివర్లో దుర్గం చెరువు తీగల వంతెన. నాన్న ముందు సీట్లో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి పడుకునే ముందు మాత్రం, "బానే ఉందిరా. మన ధవళేశ్వరం బ్యారేజీని రాత్రిపూట చూసి ఎన్నాళ్ళయిందో" అన్నారు.

నాన్న సెంట్రల్ డెల్టా కాలువల మీద 31 ఏళ్ళు లస్కరుగా, అంటే కాలువ కాపలాదారుగా చేశారు. సైకిల్‌కి లాంతరు కట్టుకుని రాత్రుళ్ళు గట్లమ్మట తిరిగిన మనిషి. ఇప్పుడు 74 ఏళ్ళు. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది చేయించాలి. చీకటి పడితే వీధి చివరికి కూడా వెళ్ళడం లేదు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు. ఒక్క రాత్రి ఆయన్ని కారులో తిప్పుకు రావాలి.

నాది పాత చిన్న కారు. రాత్రి డ్రైవింగ్ పెద్ద అలవాటు లేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఏ దారి, ఏ నెల, ఎక్కడ ఆగాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఔటర్ మీద రాజోలు | హైదరాబాద్

అన్నా, నేను వారానికోసారైనా ఔటర్ మీద తిరుగుతాను. మొత్తం చుట్టూ 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు, బైకులూ ఆటోలూ రావు. 2023లో గరిష్ఠ వేగం 120కి పెంచారు. ఎదురుగా లైటు కొట్టేవాడు ఉండడు, అడ్డం పడేవాడు ఉండడు. అదే దాని సుఖం. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచినప్పుడు నేను ఇంజనీరింగ్‌లో ఉన్నాను. పదకొండున్నర కిలోమీటర్ల పైన ఊరు కాళ్ళ కింద నుంచి వెళ్ళిపోతుంటే వింతగా ఉండేది.

మన దగ్గర అలాంటి రోడ్డు లేదు గానీ వంతెనలున్నాయి. 216 హైవే పట్టుకో. అమలాపురం నుంచి బోడసకుర్రు దగ్గర గోదావరి పాయ వైనతేయ దాటు, పాశర్లపూడి, తాటిపాక, రాజోలు, దిండి దగ్గర వశిష్ఠ దాటితే చించినాడ. అక్కణ్ణుంచి పాలకొల్లు, మార్టేరు, పెనుగొండ మీదుగా సిద్ధాంతం వచ్చి మళ్ళీ వశిష్ఠ దాటి రావులపాలెం. ఒక్క రాత్రిలో మూడు వంతెనలు. ఇంకా ఓపికుంటే జొన్నాడ వైపు గౌతమి కూడా. రాత్రి ఒంటిగంటకి రోడ్డు ఖాళీ, వంద మీద పోవచ్చు.

పదహారు చక్రాలు | రావులపాలెం

తమ్ముడూ, ఆ చివరి మాట వెనక్కి తీసుకో. ఇరవై రెండేళ్ళుగా లారీ మీద ఉన్నాను, ఈ డెల్టాలో రాత్రి వంద కొట్టే రోడ్డు నాకు కనపడలేదు. ఔటర్‌కి కంచె ఉంది. మన రోడ్డుకి ఒకపక్క కాలువ, ఇంకోపక్క చేను, మధ్యలో ఊళ్ళు.

లస్కరుగారబ్బాయిగారూ, ముందు నెల సంగతి చూసుకోండి, దారి తర్వాత.

సార్వా (మొదటి పంట) కోతలు నవంబరు, డిసెంబరు. దాళ్వా (రెండో పంట) కోతలు ఏప్రిల్ నుంచి. ఆ రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. రాశి మీద నల్ల బరకం కప్పి, అంచున రాళ్ళు పెడతారు. చీకట్లో నల్ల బరకం తారు రోడ్డులో కలిసిపోతుంది. దగ్గరికి వచ్చేదాకా తెలీదు. బ్రేకు కొడితే గింజల మీద టైరు జారుతుంది. రైతుని అనడానికి లేదు, ఆయనకి కళ్ళం ఎక్కడుంది? మనమే నెమ్మదిగా వెళ్ళాలి. వెనక లైటు లేని ట్రాక్టర్లు, ఒక పొలం నుంచి ఇంకో పొలానికి పోయే కోత మిషన్లు కూడా అప్పుడే తిరుగుతాయి.

డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచు. కాలువల పక్కన అది ముద్దలుగా పడుతుంది. నూరు గజాలు తేటగా ఉండి, ఒక్కసారిగా గోడ కట్టినట్టు వస్తుంది. అప్పుడు హై బీమ్ వేస్తే ఆ తెలుపే కళ్ళలోకి తిరిగి కొడుతుంది. డిమ్ వేసుకుని ఎడమ అంచు తెల్లగీత చూసుకుంటూ పోవాలి. మాఘమాసంలో అంతర్వేది తీర్థం రోజుల్లో అటు అసలు పెట్టుకోవద్దు, జనం.

అక్టోబరు, నవంబరులో దోమ. వరి మీది పచ్చదోమ లైటుకి ఎగబడి వచ్చి అద్దం నిండా అంటుకుంటుంది. వైపర్ వేశారా, అద్దమంతా పాలు పూసినట్టు అయిపోతుంది. బండి ఆపి సబ్బునీళ్ళతో కడుక్కోవాల్సిందే.

అవన్నీ తీసేస్తే మీకు మిగిలేది ఫాల్గుణ మాసం. మంచు వెళ్ళిపోతుంది, వడ్లు ఇంకా రోడ్డెక్కవు, కాలువల్లో దాళ్వాకి నీరుంటుంది, చేను పచ్చగా ఉంటుంది. పౌర్ణమి చూసుకుని వెళ్ళండి.

భూగోళం మాస్టారు | పాలకొల్లు

పై సభ్యుడు చెప్పిన దాంట్లో మార్చాల్సిన అక్షరం లేదు. ఏప్రిల్ దాటితే ఇంకో చిక్కు కూడా ఉంది. కాలువలు కట్టేస్తారు. మరమ్మతులు చేసి మళ్ళీ జూన్‌లో వదులుతారు. నీళ్ళు లేని కాలువని చూపించడానికి లస్కరుగారిని తీసుకెళ్ళడం ఏం బాగుంటుంది?

వంతెనల గురించి ఒక మాట. ఇప్పటి పిల్లలకి చించినాడ వంతెన పది నిమిషాల పని. మా రోజుల్లో రేవులో పంటు (దాటించే పడవ) ఆగిపోతే అవతలి గట్టు మీద దీపాలు చూసుకుంటూ ఇవతల పడుకునేవాళ్ళం. యానాం, ఎదుర్లంక మధ్య గౌతమి మీద వంతెన 2002లో వచ్చింది. దానికి బాలయోగిగారి పేరు పెట్టారు. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య, కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య జనం పంటు మీదే దాటుతుంటారు. రాత్రి దారి వేసుకునేవాళ్ళు రేవు దారులు లెక్కలో పెట్టుకోకండి. మ్యాపులో గీత కనపడుతుంది, తీరా వెళ్తే నది ఒడ్డున ఆగిపోతారు.

పాశర్లపూడి పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1995 జనవరిలో అక్కడ గ్యాస్ బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. ఆ మంట వెలుగు రాత్రిపూట చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కనపడేది. ఇప్పటికీ రాత్రి ఆ దారిన వెళ్తే నా కళ్ళు అటే వెతుకుతాయి.

యొకోహామాలో పెనుగొండ | జపాన్

నమస్తే అండి. ఇక్కడ టోక్యో షుటో ఎక్స్‌ప్రెస్‌వే మీద రాత్రి డ్రైవ్ చాలామందికి సరదా. నగరం నడిబొడ్డున తిరిగే లోపలి వలయం పదిహేను కిలోమీటర్ల లోపే. మేడల మధ్య నుంచి, కిందకీ పైకీ మెలికలు తిరుగుతూ పోతుంది. 1993లో కట్టిన రెయిన్‌బో బ్రిడ్జి మీదికి వచ్చేసరికి సముద్రపు ఖాతం, దీపాలు అన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. వీళ్ళూ మనలాగే ఎడమవైపే నడుపుతారు, అందుకే నాకు తొందరగా అలవాటైంది.

కానీ నాకు బాగా నచ్చింది రోడ్డు కాదు, ఆగే చోట్లు. పార్కింగ్ ఏరియాలని మధ్యమధ్యలో కట్టి ఉంచారు. బండి పక్కన పెట్టి, కాఫీ తాగి, దీపాలు చూసి, మళ్ళీ ఎక్కుతారు. అక్వాలైన్ అని ఖాతం దాటే దారిలో అయితే నడి సముద్రంలో ఉమిహొతారు అనే ద్వీపమే కట్టారు ఆగడానికి. మన దగ్గర వంతెన మధ్యలోనే బండి ఆపి ఫొటోలు తీసుకుంటారు, అదే భయం. లస్కరుగారబ్బాయిగారూ, ఎక్కడెక్కడ ఆగాలో ముందే రాసుకోండి, ఆ చోట్లని కలుపుతూ దారి వేసుకోండి. ఇక్కడ నేను అలాగే చేస్తాను.

ఔటర్ మీద రాజోలు | హైదరాబాద్

పదహారు చక్రాలు అన్నా, నిజమే, పొరపాటు రాశాను. ఔటర్ అలవాటులో వచ్చిన మాట. మా నాన్న కూడా ఇదే అంటారు. దుర్గం చెరువు వంతెన మీద కూడా బండి ఆపితే ఫైన్ వేస్తారు, అది సరైన పనే.

గోదారమ్మాయి | రాజమండ్రి

ఆడవాళ్ళం వెళ్ళేటప్పుడు మొదటి ప్రశ్న బాత్రూం, దాన్ని ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులంటున్నారు. 16 హైవే మీద పెద్ద పెట్రోల్ బంకుల్లో కూర్చునే కమోడ్ ఉంటుంది, పగలు ఒకసారి అటు వెళ్ళినప్పుడు చూసి పెట్టుకోండి. రావులపాలెం దాటి లోపలి రోడ్లలోకి దిగాక అర్ధరాత్రి ఏదీ తెరిచి ఉండదు. ఫ్లాస్కులో కాఫీ, ఒక దుప్పటి, మంచినీళ్ళు తీసుకెళ్ళండి.

రాజమండ్రి దాకా వస్తే రోడ్డు కమ్ రైలు వంతెన వదలకండి. 1974 నాటిది, నాలుగు కిలోమీటర్ల పైన. కింద రైలు వెళ్తుంటే పైన కారు స్టీరింగ్ పట్టుకున్న వేళ్ళకి సన్నగా వణుకు తెలుస్తుంది. పక్కన 1900లో పూర్తయిన హేవలాక్ వంతెన చీకట్లో నల్లగా నిలబడి ఉంటుంది. దాని మీద 1997 తర్వాత రైళ్ళు ఆపేశారు.

లస్కరుగారబ్బాయి | అమలాపురం

అందరికీ చాలా థాంక్సండి. ఇవన్నీ నాన్నకి చదివి వినిపించాను. మూడు వంతెనల దారి విని తల అడ్డంగా ఊపారు. నా నోట్‌బుక్ తీసుకుని ఆయనే గీశారు.

"రోడ్డెంబడి కాదురా, నీళ్ళెంబడి వెళ్దాం. ధవళేశ్వరంలో మొదలెట్టి నీళ్ళు ఎటు పోతే అటు."

ఆయన గీసింది ఇదీ: రావులపాలెం, జొన్నాడ, కడియపులంక, వేమగిరి, ధవళేశ్వరం. అక్కడ బ్యారేజీ ఎక్కి బొబ్బర్లంక. అక్కణ్ణుంచి సెంట్రల్ డెల్టా ప్రధాన కాలువ పక్కనే లొల్ల లాకులు. తర్వాత రావులపాలెం, కొత్తపేట మీదుగా పి.గన్నవరం అక్విడక్టు. ఆ తర్వాత అంబాజీపేట, ఇల్లు. రోడ్డు కమ్ రైలు వంతెన ఈసారికి వదిలేయమన్నారు. "రైలుకీ నీళ్ళకీ సంబంధం లేదు" అన్నారు.

లొల్ల దారి రాత్రి ఎలా ఉంటుందో ఎవరికైనా తెలుసా? కాలువ గట్టు కదా, టెన్షన్‌గా ఉంది.

కాలువ మలుపు | ముమ్మిడివరం

ఈ చర్చలో ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. గట్టు దారి అన్నారు కాబట్టి రాయాలి. నాలుగేళ్ళ కిందట పెళ్ళి నుంచి వస్తూ మలుపులో మా కారు కాలువలోకి వెళ్ళింది. పిట్టగోడ లేదు, రిఫ్లెక్టర్ లేదు. ఎదుటి బండి లైటు కళ్ళలో పడి మలుపు కనపడలేదు. నేనూ మా ఆవిడా బతికాం. కారు నీళ్ళమీద కాసేపు తేలుతుందని ఆ రోజే తెలిసింది. ఆ కాసేపే మనకి దొరికే సమయం. తలుపు తియ్యాలని చూస్తూ కూర్చుంటే పోతాం, బయటి నీటి ఒత్తిడికి అది రాదు. బెల్టు తీసి, పక్క అద్దం వెంటనే దించి, అందులోంచి బయటపడాలి. నా పక్క అద్దం అప్పటికే సగం దించి ఉంది, అదే మమ్మల్ని కాపాడింది.

అందుకని గట్టు మీద ఉన్నంతసేపు ఏసీ ఆపేసి అద్దాలు దించుకోండి. సీటు బెల్టు మాత్రం పెట్టుకునే ఉండండి. ఎదురుగా లైటు వస్తే దాని వంక చూడకండి, మీ ఎడమ అంచు చూడండి. కళ్ళకి ఏమీ కనపడకపోతే పూర్తిగా ఆగిపోండి. ఆగితే పోయేదేం లేదు. రాత్రి వెళ్ళే ముందు అదే దారిలో పగలు ఒకసారి వెళ్ళి రండి.

చెరువుగట్టు | ఆకివీడు

కాలువ మలుపుగారు చెప్పిన అద్దాల సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. మా వైపు కూడా అంతే.

ఈ దారి మా వైపుకి రాదు గానీ, ఎప్పుడైనా భీమవరం, ఉండి, ఆకివీడు దారిలో తెల్లవారుజామున రండి. దీపాలు చూడాలంటే చెరువుల మీద చూడాలి. నీళ్ళలో నాచుకి ఎండ ఉన్నంతసేపు ఆక్సిజన్ పుడుతుంది. చీకటి పడ్డాక పుట్టదు, చేపా రొయ్యా నాచూ అన్నీ కలిసి ఉన్నదాన్ని తాగేస్తాయి. తెల్లారగట్ల మూడు నాలుగు గంటలకి బాగా పడిపోతుంది. అందుకే రాత్రంతా ఏరేటర్లు తిప్పుతాం. చెరువు చెరువుకీ బల్బులు, బల్బు కింద తెల్లగా నురగ, ఆ చప్పుడు కిలోమీటరు దాకా. కరెంటు పోతే మాత్రం డీజిల్ ఇంజను దగ్గరికి పరుగు. మీరు డ్రైవ్‌కి వస్తారు, మేం కాపలాకి లేస్తాం. మా గట్టు మీద ఆగండి, టీ పోస్తాను.

లస్కరుగారబ్బాయి | అమలాపురం

ఫాల్గుణ పౌర్ణమికి వెళ్ళొచ్చామండి. మీరందరూ ఇంత చెప్పారు కాబట్టి మొత్తం రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

ముందు ఆదివారం పగలు ఒక్కణ్ణే అదే దారిలో వెళ్ళి చూశాను. లొల్ల దారిలో మూడు మలుపులు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఒక మలుపులో కొబ్బరిచెట్టు మొదట్లో సున్నం వేసి ఉంది, అదే గుర్తు.

రాత్రి తొమ్మిదిన్నరకి బయల్దేరాం. రావులపాలెం బంకులో అమ్మ పని అయింది. జొన్నాడ వంతెన మీద ఆగకుండా నలభై మీద దాటాం. కడియపులంక దగ్గర అద్దాలు దించేసరికి నర్సరీల నుంచి తడిమట్టి వాసన, పూల వాసన కలిసి వచ్చింది. ధవళేశ్వరం చేరేసరికి పదకొండున్నర.

బ్యారేజీ ఎక్కే ముందు నాన్న కాసేపు ఆగమన్నారు. పక్కకి తీసి ఆపాను. కిందికి దిగి చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నారు. తర్వాత బ్యారేజీ నాలుగు భాగాల (చేతులంటారు) లెక్క చెప్పడం మొదలుపెట్టారు. "ధవళేశ్వరం చేయి 70 గేట్లు, ర్యాలి చేయి 43, మద్దూరు చేయి 23, విజ్జేశ్వరం చేయి 39. మొత్తం 175." నేను పుట్టి పెరిగింది ఇక్కడే, ఈ అంకెలు నాకు తెలీవు. కాటన్ దొర 1852లో పూర్తి చేసిన పాత ఆనకట్ట గురించి చెప్పారు. వరదల్లో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని, మూడోది ఎగరేసిన రాత్రి లస్కర్లెవరూ ఇళ్ళకి పోరనీ చెప్పారు.

మీద నుంచి వెళ్తుంటే ఎగువ వైపు నీళ్ళు అంచుదాకా నిండి, చంద్రుడు కదలకుండా పడి ఉన్నాడు. దిగువ వైపు అంతా ఇసుక తిన్నెలు, మధ్యలో సన్నటి పాయలు మెరుస్తున్నాయి. ఒకే నది, ఒకపక్క సముద్రంలా, ఒకపక్క ఎడారిలా. నాన్నకి ఇసుక సరిగా కనపడలేదు. నీళ్ళు మాత్రం కనపడ్డాయి. "తెల్లగా ఉంది కదూ" అన్నారు. అవును నాన్నా అన్నాను.

బొబ్బర్లంక దాటాక కాలువ పక్కన పడ్డాం. ఏసీ ఆపేసి నాలుగు అద్దాలూ దించాం. ముప్పై దాటలేదు. ఇక్కడ నాకు టెన్షన్ పెరిగింది, నాన్నకి మాత్రం సగం వయసు తగ్గినట్టైంది. కళ్ళు మూసుకుని కూర్చుని, "ఇప్పుడు తూము వస్తుంది" అనేవారు. పది సెకన్లకి తూము దగ్గర నీళ్ళు సుడి తిరిగే చప్పుడు వినపడేది. నాలుగుసార్లు చెప్పారు, నాలుగుసార్లూ వచ్చింది. సున్నం వేసిన కొబ్బరిచెట్టు మలుపు కూడా నాకంటే ముందే చెప్పారు.

లొల్ల లాకుల దగ్గర పావుగంట ఆగాం. షట్టరు చక్రం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. గ్రీజు అంటుకుంది. వేళ్ళు రుద్దుకుని వాసన చూసి, "ఈ మధ్యే పూశారు, మంచిది" అన్నారు. దాళ్వాలో వంతులు నడిచే రోజుల్లో, అర్ధరాత్రి ఎవరో షట్టరు ఎత్తేసుకుంటే కింది ఊళ్ళవాళ్ళు కర్రలతో వచ్చిన సంగతి చెప్పారు. ఆ రాత్రి ఆయన చక్రానికి అడ్డం పడుకున్నారట. ఇన్నేళ్ళలో అమ్మ కూడా ఆ సంగతి వినలేదు. ఫ్లాస్కులో కాఫీ ఆమే పోసి ఇచ్చింది.

పి.గన్నవరం చేరేసరికి రెండు దాటింది. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: అక్కడ వైనతేయ మీద కాలువ దాటుతుంది. కింద నది, పైన కాలువ. పాతది కాటన్ కాలం నాటిది, దాని పక్కనే 2000లో డొక్కా సీతమ్మగారి పేరుతో కొత్తది తెరిచారు. వంతెన దాటి రోడ్డు విశాలంగా ఉన్నచోట ఆపి, టార్చి వేసుకుని నాన్న చెయ్యి పట్టుకుని నడిపించాను. కాలువ అంచు దగ్గర నిలబడితే పక్కన కాలువ పరుగు, చాలా కింద నది. నది చప్పుడే చెయ్యదు. నాన్న చాలాసేపు విన్నారు.

"రాత్రి పది ప్రాంతంలో కాలువ హెడ్డు దగ్గర దిగిన నీళ్ళు ఇంకా ఇక్కడికి రాలేదురా, మనం వాటిని దాటొచ్చేశాం" అన్నారు.

మూడున్నరకి ఇంటికొచ్చాం.

పదహారు చక్రాలు | రావులపాలెం

ముప్పై మీద వెళ్ళారు, పగలు దారి చూసి వెళ్ళారు. చాలా సంతోషమండి. నాన్నగారికి నా నమస్కారాలు. ఆ తూముల సంగతి మా క్లీనరుకి చదివి వినిపించాను.

కాలువ మలుపు | ముమ్మిడివరం

అద్దాలు దించుకున్నందుకు థాంక్సండి.

యొకోహామాలో పెనుగొండ | జపాన్

వచ్చే ఏడాది సెలవు ఫాల్గుణంలో పెట్టుకుంటున్నాను. మా నాన్న నీటి సంఘంలో పనిచేశారు, ఆయన్ని తీసుకుని బొబ్బర్లంక వస్తాను. ఆ మూడు మలుపుల గుర్తులు, లాకుల దగ్గర కారు పెట్టే చోటు కాస్త వివరంగా రాసి పంపగలరా?

లస్కరుగారబ్బాయి | అమలాపురం

రేపు పొద్దున్నే పంపుతానండి. నోట్‌బుక్ నాన్న దగ్గరుంది. రెండో కంటి ఆపరేషన్ అయ్యాక విజ్జేశ్వరం వైపు వెళ్ళాలని, పశ్చిమ డెల్టా కాలువ దారి గీస్తున్నారు.